గోడ వరుసకు జారిన సమాధి

సున్నం బకెట్టు పట్టుకున్న మామ ఆ ఉదయం ఎప్పుడూ వెళ్ళే దారిన వెళ్ళలేదు. మా క్రైస్తవ సంఘం సమాధుల తోటలో గేటు దాటగానే ఎడమకు తిరిగి, మూడో వరుసలో అత్త దగ్గర ఆగడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం నేరుగా దిగువకు, ప్రహరీ గోడ వైపు నడిచాడు. నేను చీపురూ కొవ్వొత్తుల పొట్లమూ పట్టుకొని వెనక వస్తున్నాను. ఏదో ఆలోచనలో పడి దారి తప్పాడనుకున్నాను.

"మామా, యాడికి పోతుండావు? అత్త ఇక్కడ కదా."

ఆయన వెనక్కి చూడలేదు. గోడ వారన కంప పెరిగిన ఒక మట్టి దిబ్బ దగ్గర బకెట్టు దించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని గాలి తీసుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి కంప పీకుతున్నాడు.

"ఆమె ఈడ ఉండాది అల్లుడా. ఇన్నేండ్లూ నేనే తప్పు చోట కొవ్వొత్తి పెట్టినాను."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పేదేముంది? ప్లాను చూపించింది."

మామ అంటే మా అమ్మకు అన్న. మా ఊరి బంగారు గనులు మూతబడేదాకా భూమి కింద పనిచేసిన మనిషి. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగాలి. వాళ్ళకు పిల్లలు లేరు. మా అమ్మానాన్నలు రాయల్పాడు వైపు మామిడి తోటల్లో కాపలా పనికి వెళ్తూ, బడి కోసమని గని కార్మికుల వరుస ఇళ్ళలో ఉన్న వీళ్ళ లైను ఇంట్లో నన్ను వదిలారు. నేను మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. అత్త నేను చిన్న తరగతుల్లో ఉండగానే పోయింది. ఆమె పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో మేమిద్దరమే.

ఆయన చెప్పిన ప్లాను కథ తెలియాలంటే మా సంఘంలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. మా సమాధుల తోట చిన్నది. ఒక పక్క రోడ్డు, ఒక పక్క గని వ్యర్థాలు పోసిన సైనైడు దిబ్బ, పెరగడానికి చోటు లేదు. అందుకని ఎవరూ రాని పాత సమాధులను తెరిచి కొత్తవాళ్ళను అందులోనే పూడుస్తారు. ఏవి ఎవరూ రానివో తేల్చేది నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండుగ రోజు. దాన్ని మా తమిళపు ఇరుగుపొరుగు కల్లరై పండగ అంటారు, మేమూ అదే అంటాం. ఆ రోజు ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద సున్నం డబ్బా పట్టుకొని వరుస వెంబడి నడుస్తాడు. సమాధి తల దగ్గర కొవ్వొత్తితో మనిషి నిలబడి ఉంటే దాటుకొని పోతాడు. లేకపోతే అక్కడ సున్నం గుర్తు పెడతాడు. గుర్తు పడిన చోటు ఆ తర్వాత ఎప్పుడైనా తెరవవచ్చు. ఒక ఇంటివాళ్ళు ఒక సమాధి దగ్గరే నిలబడాలి. సంతకాలూ రసీదులూ ఏమీ లేవు, నిలబడటమే సాక్ష్యం.

ఈమధ్య లైన్లలోని కుటుంబాలు చాలా వరకు బెంగళూరుకో కోలారుకో వెళ్ళిపోయాయి. పండుగకు రైల్లో వచ్చినవాళ్ళు తమ తాతముత్తాతలు ఏ వరుసలో ఉన్నారో తెలియక అటూ ఇటూ పరిగెత్తేవారు. అందుకని ఆ సంవత్సరం సంఘం వాళ్ళు చర్చి పుస్తకంలో ఉన్న వివరాలతో సమాధుల తోట పటాన్ని ఇంటర్నెట్టులో పెట్టించారు. ఒక్కో సమాధికి ఒక్కో గడి, గడిలో పేరు. గోడ వారన ఉన్న వరుసల కింద గులాబీ రంగు పట్టీ. ముందుగా తెరవబోయేవి ఆ పట్టీలోవి, వాటికి సంబంధించినవాళ్ళు తప్పక రావాలి అని దాని అర్థం. పేజీని బెంగళూరు ఆఫీసులో పనిచేసే మా సంఘపు అమ్మాయి ఒకతి ఉచితంగా తయారుచేసి ఇచ్చింది. ఊళ్ళో ఆ పని తెలిసినవాణ్ణి కాబట్టి తర్వాతి బాగోగులు నాకు అప్పగించారు. బడులకూ కల్యాణ మండపాలకూ ఇలాంటి పేజీలు చేసిపెట్టడం నా జీవనం.

ఈ పని నాకు నేర్పింది ఏ కాలేజీ కాదు. రాబర్ట్‌సన్‌పేట గ్రంథాలయం నేర్పింది. ఇది చెప్పుకోవడం నాకు ఇష్టం. అక్కడికి నన్ను మొదట పంపింది చదువు రాని మా అత్త. "పోయి ఆడ కూర్చోరా, ఇంట్లో సుమ్నే, ఊరికే నా కాళ్ళకు అడ్డం పడతా ఉండావు" అని తరిమేది. సాయంత్రం నేను తిరిగి వచ్చాక చపాతీలు కాలుస్తూ, ఈ పొద్దు ఏం చదివినావో చెప్పమని అడిగేది. కన్నడ పుస్తకాలు చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, తమిళ పుస్తకాలు పక్కింటివాళ్ళు చదివిపెడితే అవీ చెప్పేవాణ్ణి. ఆమె పోయిన తర్వాత కూడా ఆ నడక మానలేదు. పెద్దయ్యాక అక్కడే వెబ్ పేజీల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. వెన్ను ఊడిపోతే ఎవరో దారంతో కుట్టారు. నిఘంటువు పక్కన పెట్టుకొని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను, మళ్ళీ చదివాను. అప్పటికే ఆ పుస్తకం పాతబడిపోయిందనీ, అందులోని బ్రౌజర్లు సగం ప్రపంచం నుంచి మాయమయ్యాయనీ నాకు తెలియదు. ఎవరూ వాడని బ్రౌజర్ల పట్టింపులన్నీ బుద్ధిగా నేర్చుకున్నాను. ఏది ఏ ఆదేశాన్ని వింటుంది, ఏ ఆదేశానికి ముందు ఏ ముక్క తగిలిస్తే వింటుంది, ఇలాంటివన్నీ.

తెలియనివారి కోసం రెండు మాటలు. పేజీలో ఏముందో చెప్పేది ఒక భాష. అది ఎక్కడ కూర్చోవాలి, ఎంత వెడల్పుండాలి, ఏ రంగులో ఉండాలి అని చెప్పేది సీఎస్ఎస్. ఆ సీఎస్ఎస్‌ను అన్ని బ్రౌజర్లూ ఒకేలా చదవవు. కొత్తగా వచ్చిన ఆదేశం పాత బ్రౌజరుకు తెలియకపోతే అది అభ్యంతరం చెప్పదు, ఆగిపోదు. ఆ ఒక్క ఆదేశాన్ని వదిలేసి మిగిలినది చదువుకొని, తనకు తోచినట్టు పేజీని పరుస్తుంది. చూసేవాడికి ఏదో లోపం ఉందన్న అనుమానం కూడా రాదు.

గోడ దగ్గర, ప్లాను ఏదని అడిగితే మామ జేబులోంచి ఫోను తీసి నా చేతికిచ్చాడు. ఎవరో వాడి అమ్మేస్తే అండర్సన్‌పేట దుకాణంలో ఎప్పుడో కొన్న ఫోను అది. తెర మీద సమాధుల పటం చూడగానే సంగతి అర్థమైంది. గడులను వరుసల్లో నిలబెట్టే ఆదేశం ఆ ఫోనులోని పాత బ్రౌజరుకు తెలియదు. అందుకని గడులు పుస్తకంలో మాటల్లాగా ఒకదాని పక్కన ఒకటి నడిచి, తెర అంచు తగలగానే కిందికి దిగాయి. అసలు వరుస ఎక్కడ ముగియాలో అక్కడ ముగియలేదు, నడిచే దారి కోసం వదిలిన ఖాళీలు లేవు. కింద పరిచిన గులాబీ పట్టీ మాత్రం తన చోటే ఉంది. అత్త పేరున్న గడి జారి జారి వచ్చి ఆ పట్టీలో పడింది.

నాకు నవ్వు వచ్చింది. భయం తీరిన నవ్వు.

"మామా, ఇది నీ ఫోను చేసిన పని. ఫోను పాతది, ప్లాను సరిగ్గా చదవలేకపోయింది. అత్త యాడికీ పోలేదు. లే, పైకి పోదాం పా."

ఆయన నవ్వలేదు. కంప పీకిన చేతులు చొక్కాకు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"నేను పనిలో చేరిన కొత్తలో మేస్త్రీ ఒక మాట చెప్పినాడు అల్లుడా. లోపల నీ కాళ్ళు చెప్పింది నమ్మొద్దు అన్నాడు. చీకట్లో నువ్వు తూరుపుకు పోతుండానని అనుకుంటావు, పడమటికి పోతుంటావు. ఇంటికి పోతుండానని అనుకుంటావు, పాత గుంతలోకి పోతుంటావు. ప్లాను ఏం చెప్తే అదే నిజం. నా కండ్ల ముందరే ఒగడు, నాకు దారి తెలుసునని పోయినాడు. మూడో పొద్దుకు తెచ్చినారు వాణ్ణి."

"అది లోపల మామా. ఇది పైన. ఎండ ఉండాది, చెట్లుండాయి, నీ కండ్లకు అన్నీ కనిపిస్తా ఉండాయి."

"కనిపిస్తే? ఆ శిలువ మీద పేరు ఎవరు రాసినారు?"

అత్త సమాధి మీద ఉన్నది సిమెంటు శిలువ. దాని మీద పేరు ప్రతి ఏడూ వానకు పోతుంది, ప్రతి ఏడూ మామే నల్ల పెయింటుతో మళ్ళీ రాస్తాడు.

"నేనే కదా రాసేది. ఒక తూరి గాలివానకు శిలువలన్నీ పడిపోయినాయి, నీకు గుర్తుందా? అప్పుడు తెచ్చి నిలబెట్టింది ఎవరు? నేనే. యాడ నిలబెట్టినాను? నా కాళ్ళు యాడ చెప్తే ఆడ."

పూడ్చిన రోజు నేను అక్కడ లేను. ఆ రోజుల్లో పిల్లలను ఆ చోటికి తీసుకెళ్ళేవారు కాదు. మామ మీద నమ్మకంతోనే నేను ఆ మూడో వరుసను నమ్మాను. ఇప్పుడు ఆయనే తనను నమ్మడం లేదు.

పండుగకు ఇంకా కొన్ని రోజులున్నాయి. గోడ వరుసలో సున్నం కొట్టి ఊడ్చి పెట్టిన ఆ దిబ్బ దగ్గరే మామ నిలబడితే, మూడో వరుసలో అత్త తల దగ్గర సున్నం గుర్తు పడుతుంది. నాకు అదొక్కటే భయం. ఇంటికి రాగానే పని మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి పేజీ తయారుచేసిన ఎడిటరే, అంటే కోడు రాసుకునే ప్రోగ్రామే, నా కంప్యూటర్లోనూ ఉంది. అందులో రెండు సాధనాలు జోడించి ఉన్నాయి. ఒకటి, బ్రౌజర్లకు తెలియని ఆదేశం రాస్తే దాని కింద వంకర గీత గీస్తుంది. రెండోది, పాత బ్రౌజర్లకు కావలసిన ముందు ముక్కలను సేవ్ చేసేటప్పుడు తానే తగిలిస్తుంది. పేజీ మొత్తం వెతికినా ఒక్క వంకర గీత లేదు. అంతా బాగుందని ఎడిటర్ చెబుతోంది. నాకు ఆ సాధనాల మీద పెద్ద గౌరవం లేదు. కుట్టిన పుస్తకంలో నేర్చుకున్నది చేతిలో ఉండగా వీటితో పనేమిటనిపించింది. గుర్తున్న ముక్కలన్నీ వరుసగా చేత్తోనే రాశాను. సేవ్ నొక్కాను. రాసినవన్నీ మాయమయ్యాయి.

మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచేసింది. గ్రంథాలయంలో సంవత్సరాలు కూర్చొని నేర్చుకున్నది ఒక్క మీట నొక్కగానే చెత్తలా ఊడ్చుకుపోతుంటే ఒళ్ళు మండింది. అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె ఆఫీసులో మధ్యాహ్నం టీకి లేచిన సమయం.

"అన్నా, ఆ ఫోను ఇంగా బతికే ఉండాదా?" అంది ముందుగా. "మ్యూజియంలో పెట్టు, టికెట్టు పెడదాం."

"ఫోనుకేమమ్మా, మా మామకంటే గట్టిగా ఉండాది. గడులు జారిపోయినాయి. సరిచేద్దామని రాస్తే నీ ఎడిటర్ తుడిచేస్తా ఉండాది."

"ఏం రాసినావు?"

చెప్పాను. పకపకా నవ్వింది. "అయ్యో అన్నా, ఇవన్నీ యాడ నేర్చుకున్నావు? నేను పుట్టినప్పటివి! పాత ముక్కలు కనిపిస్తే అది పనికిరానివని తీసేస్తాది. దాని మీద కోపం చేసుకోవద్దు. అది నా మాట వింటా ఉండాది, అంతే."

"నువ్వేం చెప్పినావు దానికి?"

ఆమె నవ్వు ఆపింది. "ఏ బ్రౌజర్లలో పని చేయాలో చెప్పే ఫైలు ఒకటుండాది, ఒక్క లైనే. మా ఆఫీసులో ఎప్పుడూ కొత్త వెర్షన్లు రెండు అని రాస్తాం. చేతికి అలవాటు, ఇక్కడా అదే రాసేసినాను. అంతకన్నా పాతవాళ్ళు లేరనుకొని అది పని చేస్తాది. ఆ లైనులో మామ ఫోనులో ఉండే బ్రౌజరు వెర్షన్ కూడా చేర్చు."

చేర్చాను. ఆమె ఫోనులోనే ఉంది. పేజీ పొడవునా, గడులను అమర్చిన ప్రతి ఆదేశం కింద వంకర గీతలు లేచాయి. ఆమెకు చెబితే, "ఎన్ని?" అంది. "లెక్క పెట్టలేను" అన్నాను. తర్వాత నెమ్మదిగా, "మా అవ్వ కూడా అట్లాంటి ఫోనే వాడేది అన్నా" అంది. ఆ సాయంత్రమంతా తన పని పక్కన పెట్టి నాతోనే ఉంది.

ముందు ముక్కలు తగిలిస్తే కొన్ని ఆదేశాలు పాత బ్రౌజరుకు అర్థమయ్యాయి. వాటిని సాధనమే చూసుకుంది, నేను రాసినదానికన్నా శుభ్రంగా రాసింది కూడా. కానీ గడుల అమరికకు ఏ ముక్కా పనికిరాలేదు. ఆ పద్ధతి ఆ బ్రౌజరు తర్వాత పుట్టింది, తనకన్నా తర్వాత పుట్టినదాన్ని అది ఎలా తెలుసుకుంటుంది? అందుకని ముందు పాత పద్ధతిలో, ప్రతి గడికీ ఇంత వెడల్పని కొలిచి ఎడమకు ఆనించి, వరుస ముగిసే చోట తెంపి రాశాను. దాని కింద, కొత్త పద్ధతి తెలిసిన బ్రౌజరైతేనే ఇది చదువుకో అన్న షరతు పెట్టి ఆమె రాసినది ఉంచాము. వంకర గీతలు ఒక్కొక్కటిగా పోయాయి. నా పుస్తకం పనికొచ్చిందని ఒక్క క్షణం సంతోషపడ్డాను. ఆ సంతోషాన్ని అత్తకు చెప్పాలనిపించింది.

మరునాడు పొద్దున మామ ఫోనులో పేజీ తెరిచాను. అవే జారిన గడులు. ఫోను తన దగ్గర దాచుకున్న పాత ప్రతినే చూపిస్తోంది. దాన్ని తీసేసి మళ్ళీ తెరిచాను. ఈసారి వరుసలు వరుసల్లా నిలబడ్డాయి. దారులు తెరుచుకున్నాయి. గులాబీ పట్టీకి చాలా పైన, మూడో వరుసలో, అత్త పేరు.

మామ ఫోను కంటికి దగ్గరగా పెట్టుకొని చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"నిన్న ఆడ చూపించింది. ఈ పొద్దు ఈడ చూపిస్తా ఉండాది."

"నిన్నది తప్పు మామా. ఇది సరైనది. నేనే సరిచేసినాను."

"నువ్వు చేసినావా?"

"నేనూ, ఆ బెంగళూరు పాపా."

"ప్లాను చేత్తో మారిపోతాదా అల్లుడా? అట్ల మారేదాన్ని నమ్మి మనిషి లోపలికి ఎట్ల దిగేది?" ఫోను నా చేతిలో పెట్టేశాడు. కోపం లేదు ఆ మాటలో. నేను ఆయన ఆనవాలొకటి లాక్కున్నట్టు చూశాడు. "ముందరైతే నా కాళ్ళను నమ్మినాను. తరవాత ప్లానును నమ్మినాను. ఇంగ దేన్ని నమ్మేది చెప్పు."

చర్చి పుస్తకంలో కూడా మూడో వరుసే ఉందనీ, గోడ దగ్గరి దిబ్బకు ఎవరికీ గుర్తులేని వేరే పేరు రాసి ఉందనీ చెప్పాను. రాసినవాడు ఆ పొద్దు యాడ నిలబడి రాసినాడో ఎవరు చూసినారు అన్నాడు. పూడ్చిన రోజు వచ్చినవాళ్ళను అడుగుదామంటే, వాళ్ళలో కొందరు ఊరు వదిలారు, మిగిలినవారు ఇదే తోటలో ఉన్నారు. ఆయన సందేహానికి జవాబు చెప్పగలిగిన పుస్తకం నాకు ఏ గ్రంథాలయంలోనూ కనిపించలేదు. అంతవరకు చదివిన దేనితోనైనా ఒక మనిషిని ఒప్పించవచ్చని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం ఆ వారంలో సన్నగిల్లింది.

పండుగ రోజు పొద్దున్నే తుంపర పడింది. సైనైడు దిబ్బ తడిసి బూడిద రంగులో పడుకుని ఉంది. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు ఫోన్లు చేతిలో పట్టుకొని, పేజీ చూసుకుంటూ నేరుగా తమ వరుసలకు వెళ్ళిపోయారు. ఎవరూ పరిగెత్తలేదు. "ఈ తూరి బాగా చేసినారు" అని ఒకాయన నా భుజం తట్టాడు. నేను అత్త తల దగ్గర కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడ్డాను. మామ గోడ వరుసలో, తాను సున్నం కొట్టిన దిబ్బ దగ్గర నిలబడ్డాడు. అంత దూరం నుంచి కూడా ఆయన గాలి కోసం భుజాలు ఎగరేయడం కనిపిస్తోంది.

సంఘ పెద్ద సున్నం డబ్బాతో నా వరుసలోకి వచ్చాడు. మామతో కలిసి గనిలో పనిచేసిన మనిషే. నన్ను చూసి తలూపి దాటిపోయాడు. అత్త చోటు నిలిచింది. ఆ మాట తెలియగానే కిందికి పరిగెత్తుదామనుకున్నాను. కానీ ఆయన వరుసలన్నీ ముగించేదాకా ఎవరూ కదలకూడదు.

ఆయన గోడ వరుసకు చేరాడు. మామను చూసి ఆగాడు. వాళ్ళ మాటలు తోట అంతటా వినిపించాయి.

"ఏమప్పా, ఇంటామెను అల్లుడికి అప్పగించి, నువ్వు ఈడ ఎవరింటామె కాడ నిలబడినావు?"

పక్క వరుసల్లో నవ్వారు. మామ కూడా కొంచెం నవ్వినట్టే ఉన్నాడు.

"ఎవరో తెలిస్తే చెప్పు. తెలీకనే నిలబడినాను."

"తమాషాలు చాలు గానీ పైకి పో. ఒక ఇంటికి ఒకటే."

"పైన ఉండేది ఆమేనని నువ్వు చెప్తావా? నీ నోటితో చెప్పు, పోతాను."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన సున్నం డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. అబద్ధం చెప్పడానికి అదేమంత కష్టమైన మాట కాదు. కానీ ఆయన సమాధుల మధ్య నిలబడి ఉన్నాడు.

"నేను ఆ పొద్దు రెండో షిఫ్టులో ఉంటిని అప్పా. మన్ను వేసేదానికి రాలేదు. నీకు తెలుసు కదా."

"తెలుసు. నిన్నేమీ అనలేదు."

పెద్దాయన దాటిపోతాడేమోనని ఎదురుచూశాను. దాటిపోలేదు. ఒక ఇంటికి రెండు వదిలితే మిగిలినవాళ్ళకు ఏం చెప్పాలి? వంగి, కుంచె ముంచి, మామ తెల్లగా చేసిన దిబ్బ తల దగ్గర గుర్తు పెట్టాడు. తెలుపు మీద తెలుపు. దగ్గరుండి చూస్తే గానీ కనిపించదు. మామ కొవ్వొత్తి ఊది ఆర్పి, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి నా దగ్గరికి వచ్చాడు. నా కొవ్వొత్తితో దాన్ని మళ్ళీ వెలిగించుకున్నాడు. ప్రార్థన మాటలు ఆయన పెదవుల మీద కనిపించలేదు. ఆయన చూపు గోడ వైపే ఉంది.

చలికాలం ముగిసేలోగా చాంపియన్ రీఫ్స్ గని లైన్లలో ఒకామె చనిపోయింది. గోడ వరుసలో గుర్తు పెట్టిన చోటు తెరుస్తున్నారని తెలిసి మామ నా కంటే ముందే వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి గోడకు ఆనుకొని మట్టిలో కూర్చొని, తవ్వేవాళ్ళ పార వంకే చూస్తున్నాడు. రానివ్వకూడదని చనిపోయినామె తరఫువాళ్ళు అన్నారట. పెద్దాయన కలగజేసుకొని, కూర్చోనియ్యండి, ఆయన ఏమీ అడగడు అన్నాడట.

ఏమీ అడగలేదు నిజమే. తవ్వేవాళ్ళు మన్ను పైకి వేసిన ప్రతిసారీ చేత్తో ఆ మన్ను తడిమేవాడు. పుచ్చిపోయిన చెక్క ముక్కలు వచ్చాయి. తుప్పు మేకులు కొన్ని వచ్చాయి. ఎముకలు తప్ప ఇంకేమీ రాలేదు. ఎముకలను ఒక గుడ్డలో చుట్టి, పద్ధతి ప్రకారం అడుగునే ఒక మూలన ఉంచారు. ఆమెదని చెప్పేది ఏదీ దొరకలేదు. ఆమెది కాదని చెప్పేదీ దొరకలేదు. ఆ కాలంలో లైన్లలో అందరి పెట్టెలూ ఒకే వడ్రంగి చేసేవాడు, అందరికీ అవే మేకులు.

కొత్త పెట్టె వచ్చేలోపు మమ్మల్ని లెమ్మన్నారు. మామ లేచి, ఒక మేకు తీసుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. మూడో వరుసకు వచ్చి, శిలువ మొదట్లో వేలితో మన్ను తవ్వి, ఆ మేకును లోపలికి గుచ్చాడు.

"ఇదేంది మామా?"

"ఆమెదైతే, వచ్చి చేరినట్టు." ఆగి గాలి తీసుకున్నాడు. "కాకుంటే ఎవరిదో పాపం. దిక్కులేనిది. ఉండనీ."

ఆ పేజీ ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను. గోడ వరుసలోని ఆ గడిలో పాత పేరు తీసి, కొత్తగా పూడ్చినామె పేరు రాయవలసి వచ్చింది. రాశాను. సాధనం ఏ గీతా గీయలేదు. అయినా మామ నిద్రపోతున్నప్పుడు ఆయన ఫోను తీసుకొని, దాచుకున్న ప్రతిని తుడిచి, తెరిచి చూశాను. ఒక్క గడి కూడా జారలేదు. ఫోను మళ్ళీ ఆయన తలగడ పక్కన పెట్టేశాను. చేత్తో మారిన ప్లానును ఆయనకు మళ్ళీ చూపించలేదు.